సీలు మార్చేశాం బాబాయ్!

ఆటోనగర్లో ఇప్పుడు పొద్దున షెడ్డు తీసిన దగ్గర్నుంచి రాత్రి కట్టేసేదాకా చెవిన పడే మాట ఒకటే. "మార్చేశాం బాబాయ్!" ఫిల్టరు మార్చేశాం, బేరింగు మార్చేశాం, సీలు మార్చేశాం. అసలెందుకు పోయిందిరా అని అడిగి చూడండి. "పాతదైపోయింది బాబాయ్" అంటారు. పాతదవడమే కారణమైతే ఈ షెడ్డులో అందరికంటే ముందు మార్చాల్సింది నన్ను.

నా గోలంతా ఒక చిన్న రబ్బరు సీలు గురించి. బొలెరో పికప్పో, టాటా 207నో తీసుకోండి. గేరుబాక్సు నుంచి వెనక్కి వచ్చే జాయింట్ షాఫ్టు వెనక హౌసింగ్‌ని కలిసేచోట పినియన్ ఉంటుంది. తిరిగే ఆ పినియన్ లోపల క్రౌన్‌ని తిప్పితే చక్రాలు తిరుగుతాయి. క్రౌన్ అనే ఆ పెద్ద పళ్ళచక్రం మునిగే ఆయిలు బయటికి రాకుండా పినియన్ మెడ దగ్గర ఒక ఆయిల్ సీలు కాపలా ఉంటుంది. అది లీకైతే హౌసింగ్ మూతి తడిసి, దుమ్ము పట్టి, నల్లటి ముద్ద కడుతుంది. షాఫ్టుని పినియన్‌కి బిగించే ఫ్లాంజ్ తిరుగుతూ ఆ ఆయిల్ని చుట్టూ చిమ్మి బాడీ అడుగుకి కూడా పూస్తుంది.

మా పెద్దాడి షెడ్డులో కుర్రాళ్ళు దీన్ని గంటలో తేల్చేస్తారు. జాకీ ఎత్తుతారు. నాలుగు బోల్టులు విప్పి షాఫ్టు కిందకి వేలాడదీస్తారు. గాలి గన్ను పెట్టి ఒక్క నొక్కు నొక్కితే పినియన్ నట్టు చేతిలోకొస్తుంది. ఫ్లాంజ్‌ని సుత్తితో నాలుగు దెబ్బలు వేసి ఊడదీస్తారు. పాత సీల్ని స్క్రూడ్రైవరుతో పీకి, కొత్తది కొట్టి, చుట్టూ సిలికాన్ పూసి, మళ్ళీ అదే గన్నుతో నట్టు బిగించి చేతులు తుడుచుకుంటారు. బండి వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళకి మళ్ళీ అదే షెడ్డుకి వస్తుంది. ఈసారి ఆయిలుతో పాటు కూత కూడా పెడుతూ వస్తుంది.

మా రోజుల్లో పని నట్టు దగ్గర మొదలయ్యేది కాదు. డ్రైవరుకి టీ ఇప్పించి మాట్లాడించడం దగ్గర మొదలయ్యేది. ఎప్పటినుంచి కారుతోంది? లోడుంటే ఎక్కువా, ఖాళీగా ఉన్నా అంతేనా? యాక్సిలరేటరు వదిలినప్పుడు కూతా, లాగుతున్నప్పుడు కూతా? మొన్నామధ్య ఏదైనా వాగు దాటావా? డ్రైవరు సగం జబ్బు తనే చెప్పేసేవాడు. ఇప్పుడు బండి తెచ్చేవాడు డ్రైవరే అయినా ఓనరుతో ఫోన్లో ఉంటాడు. తాళం మా వాడి చేతిలో పెట్టి పక్కకి పోతాడు.

మాటలయ్యాక తుడవడం. డీజిలు గుడ్డతో హౌసింగ్ మూతి, గేరుబాక్సు తోక రెండూ శుభ్రంగా కడిగి, బందరు రోడ్డు మీద కాస్త దూరం తిప్పుకొచ్చి, మళ్ళీ కింద పడుకుని మొదటి తడి ఎక్కడ పుట్టిందో చూసేవాళ్ళం. ఎందుకంటే గేరుబాక్సు వెనక సీలు కారినా గాలికి ఆయిలు వెనక్కే కొట్టుకొస్తుంది. చూడగానే పినియన్ సీలే అనిపిస్తుంది. చక్రం లోపలి సీలు పోతే తడి బ్రేకు డ్రమ్ము దగ్గర కనపడుతుంది, అది వేరే వైద్యం. ఇంకా అనుమానముంటే వేలికి అంటించుకుని వాసన చూసేవాళ్ళం. క్రౌన్ ఆయిలు వాసన దాచుకోలేదు. క్రౌన్, పినియన్ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో ఆగవు, గట్టిగా ఒరుసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిలు పొర నిలవదు కాబట్టి అందులో గంధకం మందు కలుపుతారు. ఆ ఘాటు ఒకసారి ముక్కుకెక్కితే జన్మలో మర్చిపోలేరు. మా కుర్రాళ్ళకి వాసన చూడమంటే మొహం చిట్లిస్తారు.

ఆ తర్వాత చూసేది బ్రీదరు. ఈ మాట చెబితే కొత్త మెకానిక్కుల్లో చాలామంది నా మొహం చూస్తారు. హౌసింగ్ గొట్టం మీద బొటనవేలి గోరంత టోపీ ఒకటుంటుంది. బండి నడిచేకొద్దీ లోపల ఆయిలూ గాలీ వేడెక్కి వ్యాకోచిస్తాయి. ఆ గాలి బయటికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. బురద పట్టో, రంగు వేసినప్పుడు మూసుకుపోయో అది బిగుసుకుందనుకోండి, లోపల ఒత్తిడి పెరిగి ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడినుంచి ఆయిల్ని తోసేస్తుంది. మెత్తగా ఉండేది సీలు పెదవే. అంటే ఆ సీలు తప్పు చెయ్యలేదు. దాన్ని పీకి కొత్తది వేసినా అదే గతి. మా మేస్త్రీ అయితే బ్రీదరు టోపీని రెండు వేళ్ళతో తిప్పి చూసేవాడు. కదలకపోతే ఊడదీసి డీజిల్లో వేసి, సన్నతీగతో పొడిచి, నోటితో ఊది, గాలి పోతోందని తేలాకే మిగతా పని. చాలా బండ్లకి అక్కడితోనే కారడం ఆగిపోయేది. సీలు అమ్ముడుపోలేదని షాపువాడికి తప్ప ఎవరికీ బాధలేదు.

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల బండ్లకి ఇంకో తంటా ఉంది. ఎండలో లోడుతో పరిగెత్తి హౌసింగ్ కాలిపోతుంటుంది. అదే ఊపులో నీళ్ళు నిలిచిన చెరువు గట్టు దారిలోకి దింపుతారు. వేడి హౌసింగ్ చన్నీళ్ళు తగిలి గబుక్కున చల్లారితే లోపలి గాలి ముడుచుకుపోయి బయటిదాన్ని లాక్కుంటుంది. బ్రీదరు మునిగి ఉన్నా, సీలు పెదవి అరిగి ఉన్నా గాలికి బదులు నీళ్ళు లోపలికి పోతాయి. డ్రెయిన్ బోల్టు తీస్తే పాలు కలిపిన టీ రంగులో ఆయిలు కారుతుంది. ఆ రంగు చూశాక సీలొక్కటీ మార్చి పంపిస్తే బేరింగులకి తుప్పు పట్టించి పంపినట్టే. ఆయిలంతా దించాలి, లోపల కడగాలి, కొత్తది పొయ్యాలి. ఇప్పుడు డ్రెయిన్ బోల్టు తీసేదెవరు? కారిపోయినంత పైనుంచి నింపి "టాపప్ చేశాం" అంటారు.

తర్వాత చూసేది ఆట, అంటే వదులు. షాఫ్టు విప్పాక ఫ్లాంజ్‌ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ ఊపాలి. కాస్తయినా లొడలొడమందంటే పినియన్ బేరింగు పోయింది. పినియన్ అటూ ఇటూ ఊగుతుంటే ఎంత ఖరీదైన సీలైనా పెదవి ఎక్కడని ఆనించి ఉంచుతుంది? అక్కడ సీలు మార్చడం ఓనరు కళ్ళు తుడవడం.

ఇక అసలు సంగతికొస్తాను. పినియన్‌ని రెండు బేరింగులు మోస్తాయి. వాటికి కొద్దిపాటి బిగువు ఉండాలి. ప్రీలోడ్ అంటారు. తక్కువైతే పినియన్ జరిగి పళ్ళు తప్పుగా కలుస్తాయి, కూత మొదలవుతుంది. ఎక్కువైతే బేరింగులు కాలి నీలం తిరుగుతాయి. ఆ బిగువు పెట్టేది సీలు ముందున్న నట్టే. అంటే సీలు కోసం నట్టు విప్పినవాడు తెలిసో తెలియకో కంపెనీవాళ్ళు కొలిచి పెట్టిన బిగువు విప్పేశాడన్నమాట. మళ్ళీ అంతే పెట్టాలంటే విప్పే ముందు ఎంత ఉందో తెలియాలి కదా?

దానికి మా దగ్గర కొక్కెం త్రాసు ఉండేది. పాత పేపర్లు కొనేవాళ్ళు చేత్తో పట్టుకు తిరిగే స్ప్రింగు త్రాసే. వెనక చక్రాలు రెండూ పైకెత్తి, స్టాండ్లు పెట్టి, బ్రేకులు ఎక్కడా పట్టడం లేదని తిప్పి చూసేవాళ్ళం. షాఫ్టు తీసేసి, ఫ్లాంజ్ చుట్టూ గట్టి నూలుతాడు చుట్టి, చివరని త్రాసు కొక్కేనికి తగిలించి, తొందర లేకుండా సమంగా లాగేవాళ్ళం. మొదట కదిలేటప్పుడు ముల్లు ఎగిరి చూపే లెక్క పనికిరాదు. ఫ్లాంజ్ నిదానంగా తిరుగుతున్నప్పుడు ముల్లు ఎక్కడ నిలబడిందో అదే లెక్క. ఫ్లాంజ్ నడిమధ్య నుంచి తాడు చుట్టిన చోటికి 5 సెంటీమీటర్లుండి త్రాసు 3 కిలోలు చూపిస్తే బిగువు 15 కిలో-సెంటీమీటర్లు. మేస్త్రీ ఆ అంకెని సుద్దముక్కతో బాడీ మీద రాసేవాడు. నట్టుకీ పినియన్ చివరకీ కలిపి ఒక పంచి గుర్తు, పినియన్‌కీ ఫ్లాంజ్‌కీ ఇంకో గుర్తు, నట్టు బయటికి ఎన్ని మరలు కనపడుతున్నాయో లెక్క. ఇవన్నీ అయ్యాకే నట్టు మీద పానా పడేది.

బిగించేటప్పుడు ఇదే వరస తిరగేసి. ఫ్లాంజ్ తిరగకుండా పొడుగు పట్టీ బోల్టు చేసి, కొద్దిగా బిగించడం, తిప్పి చూడడం, త్రాసు పెట్టడం. మళ్ళీ కాస్త, మళ్ళీ త్రాసు. కొత్త సీలు పట్టు కూడా కలుస్తుంది కాబట్టి పాత అంకె కంటే పిసరంత ఎక్కువ దగ్గర ఆపేవాళ్ళం. ఇదంతా చూసి మా వాడొకడు "త్రాసెందుకు బాబాయ్, చేపలు తూచడానికా?" అన్నాడు. నవ్వారందరూ. నేనూ నవ్వాను. త్రాసు మాత్రం దాచుకున్నాను.

వాళ్ళకి తెలియనిది ఇంకోటుంది. పాత జీపుల్లో ఆ బేరింగుల బిగువు షిమ్ములతో కుదిర్చేవాళ్ళు. సన్నటి రేకు వాషర్లు చేర్చో తీసో ఒకసారి సరిచేస్తే నట్టుని గట్టిగా బిగించినా బిగువు పెద్దగా మారేది కాదు. ఆ పద్ధతికి ఓపిక కావాలి. ఫ్యాక్టరీ లైనులో అంత తీరిక ఉండదు. అందుకే తర్వాత చాలా బండ్లలో రెండు బేరింగుల మధ్య నలిగే స్లీవు పెట్టారు. నట్టు బిగించేకొద్దీ అది నలుగుతూ బిగువునిస్తుంది. దాన్ని నలగ్గొట్టడానికి మీటరు పొడుగు పైపు చివర 20 కిలోలకి పైగా బరువు వేలాడదీసినంత బలం పట్టే బండ్లూ ఉన్నాయి. కానీ ఒకసారి నలిగింది మళ్ళీ లేవదు. గన్ను ఒక్క క్షణం ఎక్కువ నొక్కితే స్లీవు అవసరానికి మించి చితుకుతుంది. "ఎక్కువైంది, కాస్త వెనక్కి తిప్పుదాం" అంటే కుదరదు. నట్టు వదులైనంత మాత్రాన స్లీవు సాగి పైకి రాదు. ముందు బేరింగు బయటికి తీసి కొత్త స్లీవు వెయ్యాల్సిందే. మొరటు బండ్ల కాలంలో చేతులు నాజూగ్గా ఉండేవి. బండ్లు నాజూకైన కాలానికి చేతులు మొరటైపోయాయి. నా బాధ ముఖ్యంగా ఇది.

విప్పేటప్పుడు గన్ను వాడితే నాకేం అభ్యంతరం లేదు. మా కాలంలో ఆ నట్టు విప్పడానికి ఇద్దరు పైపు మీదకెక్కి ఊగేవాళ్ళు. బిగించేటప్పుడు మాత్రం దాన్ని గోడకి తగిలించండ్రా నాయనా!

ఫ్లాంజ్ చేతికొచ్చాక మా మేస్త్రీలు దాని మెడ మీద గోరు పెట్టి అడ్డంగా గీసేవాళ్ళు. సీలు పెదవి ఏళ్ళ తరబడి ఒకేచోట ఆని తిరిగి గాడి పెడుతుంది. ఇనుముని రబ్బరు అరగదీస్తుందా అని నవ్వకండి, రబ్బరుతో పాటు దుమ్ము కూడా ఉంటుంది. గోరు గాడిలో పడితే కొత్త సీలు వేసినా లాభం లేదు. అప్పుడు లేతు షాపుకి పరుగు. అక్కడ వెల్డింగుతో నింపి, కోసి, నునుపు చేసి ఇచ్చేవాళ్ళు. ఆ లేతు మేస్త్రీకి ఒక పట్టింపుండేది. చివరి నునుపు పెట్టేటప్పుడు ఎమరీ కాగితాన్ని కుడి ఎడమలకి జరపనిచ్చేవాడు కాదు. అలా జరిపితే కంటికి కనపడని మరలాంటి గీతలు పడతాయి. ఫ్లాంజ్ తిరిగేకొద్దీ ఆ గీతలే ఆయిల్ని బయటికి తోడిపోస్తాయి. ఇప్పుడు గాడి మీద తొడిగే పల్చటి స్టీలు స్లీవులు రెడీగా దొరుకుతున్నాయి. మంచిదే. గోరు పెట్టి చూసేవాడుంటే కదా అది కావాలని తెలిసేది!

సీలు కొనడం కూడా అప్పుడో తతంగం. దాని మీద లోపలి కొలత, బయటి కొలత, మందం అంకెలుంటాయి. మేం పాతదాన్ని పక్కన పెట్టి, పెదవి తడిమి, లోపలి స్ప్రింగు సమంగా ఉందో లేదో చూసి, నచ్చకపోతే ఇంకో షాపుకి పోయేవాళ్ళం. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో కొడితే కుర్రాడు స్కూటీ మీద తెచ్చి పడేస్తాడు. అసలుదో నకిలీదో తెలిసేది సీలు మళ్ళీ కారినప్పుడే.

మా రోజులన్నీ బంగారమని నేననను. మేం పని నేర్చుకున్న కాలానికి కొన్ని పాత జీపులకి ఇంకా తోలు సీళ్ళే ఉండేవి. వాటిని ముందు ఆయిల్లో నానబెట్టి మెత్తబరచి వెయ్యాలి. ఎండిపోతే చిట్లిపోయేవి. వేడికి ఓర్చుకునే ఇప్పటి నైట్రైల్ రబ్బరు సీళ్ళ ముందు అవి ఏపాటి? స్టాండ్లు లేక ఇటుకలూ చెక్కదిమ్మలూ పెట్టి బండి కింద దూరేవాళ్ళు. ఉలి పెట్టి నట్టుని కొట్టి తిప్పిన మహానుభావులూ ఉన్నారు. తప్పు చేసిన కుర్రాడి మీదకి పానా ఎగిరేది. అవన్నీ పోయినందుకు నాకేం దిగుల్లేదు. పోతూ పోతూ విప్పే ముందు చూసే అలవాటుని కూడా వెంటబెట్టుకుపోయాయి, దానికే దిగులు.

ఆ అలవాటు ఎందుకు పోయిందని అడిగితే తప్పంతా కుర్రాళ్ళ నెత్తిన రుద్దడం కూడా అన్యాయమే. నున్న మార్కెట్‌కి మామిడి వచ్చే రోజుల్లో, గుంటూరు యార్డుకి మిరప వచ్చే రోజుల్లో పికప్ ఒక పూట ఆగితే ఓనరు గుండె ఆగుతుంది. కిస్తీ కట్టాలి. కాగితంలో రాసిన బరువు ఒకటి, బండి మోసే బరువు ఇంకొకటి. ఆపైన షెడ్డులో లెక్క వస్తువుకీ మార్పుకీ కడతారు. బ్రీదరు శుభ్రం చేసి, సీలు బాగానే ఉంది, ఇంక కారదు పో అంటే "ఏం మార్చావని డబ్బులిమ్మంటున్నావ్?" అని అడుగుతాడు ఓనరు. మార్చినదానికే ఇచ్చి చూసినదానికి ఇవ్వకపోతే కుర్రాడు మార్చడమే నేర్చుకుంటాడు. ఐటీఐలో టార్కు రెంచి చూపించే పంపుతారు. షెడ్డుకొచ్చాక అది వాడినందుకు అదనంగా పైసా రాదని తెలిసి మర్చిపోతాడు.

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. ఉద్యోగం కంప్యూటర్ల మీద, మోజు పికప్ ట్రక్కు మీద. దానికీ ఇదే సీలు కారింది. అక్కడ షెడ్డుకిస్తే కూలీకే జేబు ఖాళీ అవుతుందని తనే చేసుకున్నాడు. వీడియో కాల్ చేసి "మావయ్యా, నట్టు విప్పొచ్చా?" అన్నాడు. ముందు బిగువు కొలిచావురా అన్నాను. కొలిచానన్నాడు. అక్కడ విడిభాగాల షాపులు డిపాజిట్ తీసుకుని పనిముట్లు వాడుకోనిస్తాయట. ముల్లున్న చిన్న టార్కు రెంచి తెచ్చుకుని, విప్పకముందే అంకె కాగితం మీద రాసుకున్నాడు. నట్టుకి తెల్లరంగుతో గుర్తు పెట్టాడు. బ్రీదరు ఊడదీసి నాకు చూపించాడు. పానా పట్టడం రాని పిల్లాడు పుస్తకం చదివి చేసినపని, పానాతోనే పెరిగిన కుర్రాళ్ళు చెయ్యడం లేదు. ఆ రోజు రాత్రి మా పెద్దాడితో ఈ సంగతి చెబితే "వాడికి వేరే బండి లైనులో లేదు నాన్నా" అన్నాడు. వాడన్నదీ నిజమే. కానీ కొలవడానికి పట్టేది పావుగంట. తిరిగొచ్చిన బండి మళ్ళీ విప్పడానికి పట్టేది పూట.

కాబట్టి పికప్ ఉన్న మహాశయులకి నాదొక విన్నపం. వెనక క్రౌన్ దగ్గర ఆయిలు కారుతోందని షెడ్డుకి పోయినప్పుడు "ఎంతవుద్ది, ఎప్పుడిస్తావ్" అని రెండే అడగకండి. బ్రీదరు చూశావా? ఫ్లాంజ్‌లో ఆట ఉందా? మెడ మీద గాడి పడిందా? నట్టు విప్పే ముందు బిగువు కొలిచావా? చివర్లో లెవెల్ బోల్టు రంధ్రం అంచుదాకా ఆయిలు పోశావా? ఈ ఐదూ అడగండి. చూసి, ఏమీ మార్చకుండా బాగుచేసి పంపినవాడికి మార్చినవాడికంటే పది రూపాయలు ఎక్కువివ్వండి. సీలు ఖరీదు వందల్లో ఉంటుంది, క్రౌన్ పినియన్ సెట్టు ఖరీదు వేలల్లో ఉంటుంది. ఎందుకు కారిందో చెప్పలేనివాడి చేతికి ఆ నట్టు అప్పగించకండి.